కొత్వాల్ వెంకటరామారెడ్డి గారు: విరమణ ఎరుగని ఉద్యోగి

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ఒక మహనీయుని జీవితాన్ని గురించి రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు నన్ను కోరారు. ఎవరి గురించి రాయాలా అని కొన్నాళ్ళు ఆలోచించాను. దేశ నాయకుల చరిత్రలు మనమంతా చదివినవే. ఈ పత్రిక చదివేవారు ఒకప్పుడు సర్కారు కొలువు చేసి విరమించినవారు, వారి ఇంటిల్లిపాది. కాబట్టి మనలాగే నెల జీతం మీద బతికి, పై అధికారుల ఆజ్ఞలకు లోబడి పనిచేసి, ఆ పరిమితుల్లోనే నలుగురికీ ఉపయోగపడిన ఒక ఉద్యోగి కథ చెప్పడం సముచితమని తోచింది. ఆయనే రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు.

ఈ పేరు మన శంషాబాదు వాసులకు కొత్త కాదు. మనవలను చూడటానికి ఔటర్ రింగు రోడ్డు మీదుగా గచ్చిబౌలి వైపు వెళ్ళేవారు హిమాయత్‌సాగర్ దాటాక పోలీసు అకాడమీ దగ్గరికి వస్తారు. 1986లో అది ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీగా ఏర్పడింది. అందుకే ఆ కూడలిని ఇప్పటికీ జనం అప్పా జంక్షన్ అంటారు. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత ఆ అకాడమీకి వెంకటరామారెడ్డి గారి పేరు పెట్టారు. 2008 మార్చిలో మన ఊళ్ళో విమానాశ్రయం ప్రారంభమయ్యాక ఆ దారిన వేలాది వాహనాలు పోతున్నాయి. బోర్డు మీద పేరు చదివేవారు ఎందరో ఉన్నారు గాని, ఆ పేరుగల మనిషి ఏం చేశారో పిల్లలకు చెప్పగలిగేవారు తక్కువ. ఆ లోటు కొంతైనా తీర్చాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బాల్యం

వెంకటరామారెడ్డి గారు 1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానంలోని రాయనిపేటలో జన్మించారు. అది మొన్నటిదాకా మహబూబ్‌నగర్ జిల్లాలో, ఇప్పుడు వనపర్తి జిల్లాలో ఉన్న ప్రాంతం. మన శంషాబాదు మీదుగా షాద్‌నగర్, జడ్చర్ల దాటి దక్షిణంగా పోయే దారి పట్టుకుంటే ఆ సీమకు చేరుకుంటాము. ఆయన పుట్టిన కొద్దిరోజులకే తల్లి కన్నుమూసింది. అమ్మమ్మ ఆ పసివాణ్ణి చేరదీసి పెంచింది.

తల్లి ఒడి తెలియని పిల్లవాడు రెండు విధాలుగా పెరుగుతాడని మన పెద్దలు అనేవారు. లోకం మీద కోపంతో పెరుగుతాడు, లేదా లోకమంతటినీ తనదిగా చేసుకుంటాడు. వెంకటరామారెడ్డి గారిది రెండో దారి. చిన్ననాడు ఆయనకు కన్నవారి ఇంటికన్నా పెంచినవారి చలవే ఎక్కువ. ఆయన పెద్దయ్యాక చేసిన పనులన్నిటినీ వరుసగా చూస్తే, ఇంటికి దూరమైన పిల్లలకు ఒక ఇల్లు ఏర్పాటు చేయడమనే ఆలోచన వాటిలో పదేపదే కనిపిస్తుంది. ఇది నా ఊహే కావచ్చు. కానీ ఆయన జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనిపించలేదు.

ఆ కాలంలో వనపర్తి, గద్వాల వంటి సంస్థానాలు నిజాం ప్రభుత్వానికి కప్పం కడుతూ తమ సీమను తాము పాలించుకునేవి. వెంకటరామారెడ్డి గారి తొలి చదువు వనపర్తిలో సాగింది. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. దానికి ముందు పారసీకం. కచేరీలో కాగితం కదలాలంటే ఆ భాషలు రావలసిందే. ఆయన ఉర్దూ, పారసీకం నేర్చుకున్నారు. ఉద్యోగరీత్యా తిరిగిన చోట్ల కన్నడం, మరాఠీ కూడా పట్టుబడ్డాయి. ఇంట్లో మాట్లాడే తెలుగు మాత్రం ఎన్నడూ మరువలేదు.

అమీను నుంచి కొత్వాల్ దాకా

ఇరవై ఏళ్ళు నిండకముందే ఆయన పోలీసు శాఖలో అమీనుగా చేరారు. అమీను అంటే ఇప్పటి సబ్ ఇన్‌స్పెక్టరు వంటి ఉద్యోగం. మొదటి కొలువు రాయచూరు సీమలోని ముద్గల్లులో. ఇప్పుడది కర్ణాటకలో ఉంది. నిజాం రాజ్యంలో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలన్నీ కలిసి ఉండేవి గనుక, బదిలీ అంటే ఊరు మారడమే కాదు, భాష కూడా మారేది. బదిలీ కాగితం రాగానే ఇంటి సామాను సర్దుకొని పిల్లల బడి వెతుక్కున్న మనబోటివారికి ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

జిల్లాల్లో మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1914 నాటికి హైదరాబాదు నగరంలో సహాయ కొత్వాల్ అయ్యారు. 1920లో కొత్వాల్ పదవి లభించింది. కొత్వాల్ అంటే నేటి నగర పోలీసు కమిషనరు అని సులువుగా చెప్పుకోవచ్చు గాని, ఆనాటి కొత్వాల్ బాధ్యత అంతకన్నా విస్తారమైనది. నగరంలో శాంతిభద్రతలు, ఊరేగింపులు, పండుగలు, రాజప్రముఖుల రాకపోకలు, వీటన్నిటి భారమూ ఆయనదే. నేరుగా నిజాం ప్రభువుకే జవాబు చెప్పుకోవాలి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఎంత చిన్న విషయాన్నయినా స్వయంగా విచారించే ప్రభువు. అటువంటి ఏలిక దగ్గర 14 ఏళ్ళపాటు, అంటే 1934 వరకు, కొత్వాలుగా నిలవడం మాటలు కాదు. ఆసఫ్‌జాహీల ఏలుబడిలో ఆ పదవి పొందిన తొలి హిందువుగా ఆయనను చెప్పుకుంటారు.

ఆయన కార్యదక్షతకు 1922 నాటి ఒక సందర్భం చాలు. బ్రిటిషు యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చిన రోజులవి. గాంధీజీ సహాయ నిరాకరణోద్యమం ముమ్మరంగా సాగుతున్నది. యువరాజు దిగిన చోటల్లా హర్తాళ్ళు జరిగాయి. 1921 నవంబరులో బొంబాయిలోనైతే పెద్ద అల్లర్లే రేగాయి. ఆ తరువాత కొద్ది వారాలకే యువరాజు హైదరాబాదు రావడం, ఇక్కడి పర్యటన సాఫీగా ముగియడం కొత్వాల్ పేరు ప్రతిష్ఠలను పెంచింది. నిజాం ప్రభువు ఆయనకు రాజా బహదూర్ బిరుదునిచ్చారు. బ్రిటిషు ప్రభుత్వం ఓ.బి.ఇ. పురస్కారమిచ్చింది.

బిరుదులు చాలామందికి వచ్చాయి. ఆ కాలంలో నవాబులకు, రాజాలకు, బహదూర్లకు కొదవ లేదు. వారిలో ఎంతమంది పేర్లు మనకు గుర్తున్నాయి? వెంకటరామారెడ్డి గారి పేరు నిలవడానికి కారణం ఆయన లాఠీ కాదు, బిరుదు కాదు. అది వేరే ఉంది.

పల్లెటూరి పిల్లలకు పట్నంలో ఒక కప్పు

1918వ సంవత్సరం తెలుగువారికి ముఖ్యమైనది. ఆ ఏడే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ ఏడే వెంకటరామారెడ్డి గారు మరికొందరు పెద్దలతో కలిసి రెడ్డి హాస్టలును స్థాపించారు. అప్పటికి ఆయన ఇంకా కొత్వాల్ కూడా కాలేదు.

ఒక హాస్టలు పెట్టడంలో అంత గొప్ప ఏముందని ఇప్పటి పిల్లలకు అనిపించవచ్చు. ఈనాడు నగరంలో వీధికొక హాస్టలుంది. కానీ ఆనాటి పరిస్థితి వేరు. నిజాం రాజ్యంలో చదువు వచ్చినవారు నూటికి పదిమంది కూడా లేరు. ఊళ్ళో బడి ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఉన్నత పాఠశాల కావాలంటే జిల్లా కేంద్రానికి, కాలేజీ కావాలంటే హైదరాబాదుకే రావాలి. వచ్చిన పిల్లవాడు ఎక్కడ ఉండాలి? ఏం తినాలి? నగరంలో చుట్టాలున్నవాడు చదివేవాడు, లేనివాడు తిరిగి నాగలి పట్టేవాడు. తెలివి లేక కాదు, తల దాచుకోను చోటు లేక ఎందరి చదువులో ఆగిపోయాయి.

ఈ సంగతి పుస్తకాలు చూసి రాస్తున్నది కాదు. మా ఊరు శంషాబాదుకు దగ్గరి పల్లె. ఆ రోజుల్లో ఉందానగర్ స్టేషనులో రైలెక్కి పట్నం పోవడం మాకు పెద్ద ప్రయాణం. మా పెద్దన్నయ్య నాకన్నా చురుకైనవాడు. లెక్కల్లో దిట్ట. పట్నంలో ఉండటానికి ఏర్పాటు కుదరక ఎనిమిదో తరగతితో ఆపేశాడు. నా వంతు వచ్చేసరికి షాలిబండలో దూరపు బంధువులు వరండాలో పడుకోనిచ్చారు. ఆ వరండా పుణ్యమా అని నేను పి.యు.సి. పూర్తి చేసి, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, 34 ఏళ్ళు పనిచేసి, ఇవాళ మీ అందరితోపాటు పింఛను తీసుకుంటున్నాను. అన్నయ్య చివరిదాకా వ్యవసాయమే చేశాడు. మా ఇద్దరికీ ఉన్న తేడా ఒక వరండా మాత్రమే. అందుకే హాస్టలు పెట్టినవాణ్ణి చూస్తే నాకు గుడి కట్టినవాడికన్నా గొప్పగా తోస్తుంది.

హాస్టలు నడపడం ఒకనాటి దానంతో తీరే పని కాదు. అద్దె కట్టాలి. బియ్యం, పప్పు, కట్టెలు, వంటవాళ్ళ జీతాలు నెలనెలా చూడాలి. కలిగినవారి పిల్లల దగ్గర రుసుము తీసుకోవాలి, లేనివారి పిల్లలను ఊరికే ఉంచుకోవాలి. వెంకటరామారెడ్డి గారు సంస్థానాధీశుల దగ్గర, దేశముఖుల దగ్గర, వ్యాపారుల దగ్గర విరాళాలు సేకరించారు. కొత్వాల్ అయ్యాక ఆ పలుకుబడిని కూడా ఈ పనికే ఉపయోగించారు. అధికారం చేతిలో ఉన్నప్పుడు మన ఇంటికి ఏం తెచ్చుకుందామా అని చూసేవారిని మనం ఉద్యోగ జీవితంలో చూశాము. అధికారాన్ని పెట్టుబడిగా పెట్టి పరాయి పిల్లలకు అన్నం పెట్టించడం అరుదైన సంగతి.

హాస్టలు పేరు కులం పేరు కదా, దాన్ని ఇంతగా మెచ్చుకోవడమేమిటని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆనాడు సంఘం కులాలుగానే కూడేది, చందా కూడా ఆ వరసలోనే పుట్టేది. ఆ తరువాత నగరంలో వైశ్యులు, మున్నూరు కాపులు, గౌడులు, ఇంకా అనేక కులాలవారు తమ తమ పిల్లల కోసం హాస్టళ్ళు పెట్టుకున్నారు. మన తెలంగాణలో మొదటి తరం పట్టభద్రులలో చాలామంది అటువంటి హాస్టళ్ళ అన్నం తిన్నవారే. ఒకరు వెలిగించిన దీపంతో పదిమంది తమ దీపాలు వెలిగించుకున్నారు. అంతేకాదు, రెడ్డి హాస్టలు నుంచి పుట్టుకొచ్చిన మంచి ఆ కులం దగ్గరే ఆగిపోలేదు. అది ఎలాగో కింద వివరిస్తాను.

గ్రంథాలయం, పత్రిక, ఉద్యమం

1920లలో ఈ హాస్టలు నిర్వహణ బాధ్యత సురవరం ప్రతాపరెడ్డి గారికి అప్పగించారు. 1896లో పుట్టిన ఆ యువకుడు న్యాయశాస్త్రం చదివినవాడు, తెలుగు సంస్కృతాలలో పండితుడు. ఆయన చేతిలో హాస్టలు వట్టి భోజన వసతిగా మిగలలేదు. అక్కడ మంచి గ్రంథాలయం పెరిగింది. తెలుగు పుస్తకం దొరకడమే గగనమైన నగరంలో అది విద్యార్థులకు సరస్వతీ నిలయమైంది.

1926 మే 10న ప్రతాపరెడ్డి గారి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రికకు వెంకటరామారెడ్డి గారి అండ ఉండేది. నిజాం తెలంగాణలో తెలుగు కవులే లేరన్న నిందకు సమాధానంగా 1934లో ఆ పత్రిక వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. ప్రతాపరెడ్డి గారి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు తరువాత తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. అటువంటి మనిషికి తొలినాళ్ళలో పని, నీడ చూపినది కొత్వాల్ గారి హాస్టలు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆనాడు సభ జరపాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ప్రైవేటు పాఠశాల పెట్టాలన్నా అనుమతి కావాలి. గస్తీ నిషాన్ తిర్పన్ అని పెద్దవాళ్ళు చెప్పుకునే ఉత్తర్వు సభల మీద విధించిన ఆంక్షే. ఆ ఉత్తర్వులను నగరంలో అమలు జరపవలసిన శాఖకు అధిపతి వెంకటరామారెడ్డి గారు. మరోవైపు, ఆయన పెంచిన హాస్టలు నిర్వాహకుడే ప్రజల కష్టాలను, పాలనలోని లోపాలను పత్రికలో రాస్తున్నాడు. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు ఆ ప్రతాపరెడ్డి గారే అధ్యక్షులు.

కొత్వాల్ గారు ఉద్యమకారుడు కారు. చివరిదాకా నిజాం ప్రభువుకు విధేయుడైన ఉద్యోగిగానే ఉన్నారు. ఆ కారణంగా ఆయనను విమర్శించినవారూ ఉన్నారు. ఆయన తలచుకుంటే పత్రికకు అండ తీసివేయవచ్చు, నిర్వాహకుణ్ణి మార్చవచ్చు. పై నుంచి ఒక్క మాట వస్తే తన ఉద్యోగానికే ముప్పు. అయినా ఆ అండ కొనసాగింది. ఏలిక పట్ల విధేయత, తన భాష మాట్లాడే జనం పట్ల బాధ్యత, ఈ రెండింటి మధ్య ఆయన ఏళ్ళ తరబడి నడిచారు. సర్కారు ఉత్తర్వు ఒకవైపు, కళ్ళ ముందున్న మనిషి కష్టం మరొకవైపు లాగుతుంటే మధ్యలో కూర్చొని ఫైలు మీద సంతకం చేసిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ నడక ఎంత కష్టమో మనకు తెలుసు.

ఆ హాస్టలులో ఉండి చదువుకున్నవారిలో రావి నారాయణరెడ్డి గారు ఒకరు. ఆయన తరువాత ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడై, కమ్యూనిస్టు నాయకుడై, నిజాం పాలన మీదనే పోరాటం నడిపారు. అంతకు ముందు హరిజన సేవక సంఘం పనిలో పాల్గొని హరిజన విద్యార్థుల వసతి గృహం కోసం శ్రమించారు. తాను హాస్టలు అన్నం తిని చదువుకున్న కుర్రవాడు, ఇంకా కింద మిగిలిపోయినవారి పిల్లలకు హాస్టలు కావాలని తిరిగాడన్న మాట. మంచి పని చేసే మార్గం ఇటువంటిది. చేసినవాడు అనుకున్న చోటనే అది ఆగదు.

మన ప్రాంతం సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. 1936లో మనకు పొరుగున ఉన్న షాద్‌నగరులో అయిదవ ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించినది కొండా వెంకట రంగారెడ్డి గారు. 1978లో ఏర్పడిన మన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. తెలుగు మాట్లాడటమే నామోషీగా ఎంచిన నగరం పక్కన, మన పల్లెలకు ఇంత దగ్గరలో, అంత పెద్ద తెలుగు సభ జరిగిందంటే దాని వెనక పదిహేనేళ్ళుగా హాస్టళ్ళు, పత్రికలు, గ్రంథాలయాలు చేసిన సేద్యం ఉంది.

ఆడపిల్లల చదువు

మగపిల్లల చదువే అంతంతమాత్రమైన కాలంలో ఆడపిల్లల చదువు గురించి పట్టించుకున్నవారు మరీ తక్కువ. 1928లో మాడపాటి హనుమంతరావు గారి కృషితో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల ఏర్పడింది. ఇక్కడి ప్రభుత్వం తెలుగులో ఉన్నత విద్యను గుర్తించనందున, ఆ బాలికల పరీక్షలను మహారాష్ట్రలో కార్వే గారు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధించుకోవలసి వచ్చింది. ఎక్కడి నారాయణగూడ, ఎక్కడి మహారాష్ట్ర! మాతృభాషలో చదివినందుకు మన ఆడపిల్లలు అంత దూరపు విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించారు.

ఈ పాఠశాలకు వెంకటరామారెడ్డి గారు మొదటి నుంచీ వెన్నుదన్నుగా నిలిచారు. నగర కొత్వాల్ ఈ బడికి పెద్ద దిక్కు అని తెలిస్తే ఆడపిల్లను గడప దాటించడానికి వెనుకాడే తండ్రికి ఎంత ధైర్యమో ఊహించండి. డబ్బు చాలామంది ఇవ్వగలరు. ఆ భరోసా మాత్రం ఆయన ఒక్కరే ఇవ్వగలరు. ఆయన మరణానంతరం 1954లో నారాయణగూడలో ఆయన పేరుతో మహిళా కళాశాల వెలసింది. మన శంషాబాదు, రాజేంద్రనగరు ప్రాంతాల నుంచి కూడా ఎందరో ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారు. మా ఇంటికి వచ్చిన చిన్నకోడలు ఆ కళాశాల విద్యార్థినే. కళాశాల పేరులోని అయిదు పొడి అక్షరాలు ఎవరివో ఆమెకు మొన్న ఈ వ్యాసం రాస్తున్నప్పుడు చెప్పాను.

పదవీ విరమణ తరువాత

1934లో ఆయన కొత్వాల్ పదవి నుంచి విరమించారు. అప్పటికి వయస్సు 65. పోలీసు శాఖలో చేరి అర్ధ శతాబ్దం కావస్తున్నది. ఇక చాలు అని కూర్చున్నా ఎవరూ తప్పుపట్టేవారు కారు. నిజాం ప్రభువు మాత్రం ఆయనను సర్ఫెఖాసు ప్రత్యేకాధికారిగా నియమించారు. సర్ఫెఖాసు అంటే నిజాం ప్రభువు స్వంత ఖర్చులకు కేటాయించిన భూములు. హైదరాబాదు చుట్టూరా ఉన్న అత్రాఫె బల్దా జిల్లా, అంటే నేటి రంగారెడ్డి జిల్లా పల్లెలలో చాలా భాగం, ఆ లెక్కలోనిదే. మన తాతల కాలపు పహాణీలలో, రసీదులలో ఆ మాట కనిపిస్తుంది. రెవెన్యూ శాఖలో పాత దస్త్రాలు తిరగేసినప్పుడు నేనూ చాలాసార్లు చూశాను.

విరమణ తరువాత ఆయన ఇంకా 19 ఏళ్ళు జీవించారు. చాలామంది అధికారులకు కుర్చీ దిగగానే ఇంటి ముందు జనం పలచబడతారు. వెంకటరామారెడ్డి గారు కుర్చీ బలంతో మొదలుపెట్టిన పనులు కుర్చీ పోయాక కూడా నిలిచాయి. దానికి కారణం ఆయన వాటిని తన చుట్టూ కట్టుకోలేదు. హాస్టలుకు సంఘముంది, బడికి పాలకవర్గముంది, పత్రికకు సంపాదకుడున్నాడు. ఎవరి పని వారికి అప్పగించి, తాను పెద్దగా వెనక నిలబడ్డారు. ఇల్లు నడిపే మంచి యజమాని లక్షణం ఇది. కొడుకు చేతికి తాళాలిచ్చాక గడియ గడియకూ లెక్క అడిగే తండ్రి వల్ల ఇల్లు నిలవదు.

ఆ 19 ఏళ్ళలో లోకం తలకిందులైంది. రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. రజాకార్ల కాలం చూశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. తాను జీవితమంతా కొలిచిన రాజ్యం కళ్ళ ముందే ముగిసింది. 1952లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఆయన పుట్టిన వనపర్తి సీమ నుంచి సురవరం ప్రతాపరెడ్డి గారు శాసనసభకు ఎన్నికయ్యారు. హాస్టలు కుర్రవాడు రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. ఆ ఎన్నికల్లో నెహ్రూ గారికన్నా ఎక్కువ ఓట్లు ఆయనకే వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. రాజ్యం పోయినా, ఆ రాజ్యంలో తాను అన్నం పెట్టించిన పిల్లలు కొత్త రాజ్యాన్ని నడపడానికి వెళ్ళడం వృద్ధుడైన కొత్వాల్ చూడగలిగారు.

1953 జనవరి 25న వెంకటరామారెడ్డి గారు పరమపదించారు. అప్పటికి ఆయనకు 83 ఏళ్ళు. ఆయన జీవించి ఉండగానే ఆయన చరిత్రను పుస్తకంగా రాసిన సురవరం ప్రతాపరెడ్డి గారు కూడా అదే ఏడాది ఆగస్టులో కాలం చేశారు.

మనకు మిగిలిన పని

మిత్రులారా, మనలో ఎవరూ కొత్వాళ్ళు కాలేదు. మనకు బిరుదులు లేవు, సంస్థానాధీశుల స్నేహాలు లేవు. పింఛను, డి.ఎ. బకాయి, మందుల బిల్లు, ఇవే మన మాటలు. అవి తప్పని నేననను. మన హక్కుల కోసమే ఈ సంఘం పుట్టింది. కానీ ఒక సంగతి ఆలోచించండి. వెంకటరామారెడ్డి గారికి విరమణ తరువాత దొరికిన కాలం 19 ఏళ్ళు. మనలో చాలామందికి ఆ దేవుడు అంత కాలమూ ఇస్తున్నాడు. దాన్ని ఏం చేస్తున్నాము?

మన శంషాబాదు ఇప్పుడు పూర్వపు ఊరు కాదు. విమానాశ్రయానికి వేల ఎకరాల భూమి పోయింది. పొలాలున్న చోట రోడ్లు, గోదాములు, హోటళ్ళు వచ్చాయి. భూములిచ్చిన కుటుంబాలు కొన్ని బాగుపడ్డాయి, కొన్ని డబ్బు చేతిలో నిలవక చెదిరిపోయాయి. బతుకుతెరువు కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవారు ఇరుకు గదులలో కాపురముంటున్నారు. ఆ గదులలోనూ పదో తరగతి పిల్లలున్నారు. వారికి ఆనాటిలా ఊరికి బడి లేకపోవడం కాదు కష్టం. సాయంత్రం కూర్చొని చదువుకోవడానికి నిశ్శబ్దమైన చోటు, తెలియని లెక్క చెప్పే ఒక పెద్దమనిషి, ఇవి లేవు.

మన సంఘ భవనంలో సమావేశాలు నెలకు ఒకటో రెండో జరుగుతాయి. మిగిలిన సాయంత్రాలు తలుపులు వేసే ఉంటాయి. మనలో లెక్కల మాస్టార్లున్నారు, ఇంగ్లీషు బాగా వచ్చినవారున్నారు, ఉర్దూ, హిందీ చెప్పగలవారున్నారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ తలుపులు తీసి, నాలుగు చాపలు పరిచి, వంతులవారీగా ఇద్దరం కూర్చుంటే చాలు. పెద్ద విరాళాలు అక్కరలేదు. కార్యవర్గం ముందు నేను ఈ ప్రతిపాదన రాతపూర్వకంగా పెడుతున్నాను. మొదటి వారం వంతుకు నా పేరు రాసుకోవలసిందిగా కోరుతున్నాను. కలిసి రాదలచిన మిత్రులు కార్యదర్శి గారికి తమ పేర్లు ఇవ్వగలరు.

మీ ఇంట్లో మనవడో మనవరాలో పోలీసు అకాడమీ ముందుగా వెళ్ళేటప్పుడు ఆ బోర్డు మీది పేరెవరిదని అడిగితే, తల్లి లేకుండా పెరిగి వేలమంది పిల్లలకు పట్నంలో ఇల్లు చూపించిన ఒక ఉద్యోగిదని చెప్పండి.